నాగలింగమ్మకు ముఖం

కడప
జూన్ 5

శివజ్యోతికి,

కవరు మీద పేరు చూసి ఎవరబ్బా ఇతను అనుకుంటావు. ఆత్మకూరు హైస్కూల్లో పదో తరగతి, కిటికీ పక్క బెంచీ. లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద సార్ల బొమ్మలు గీసి వీపు విమానం మోత మోగించుకున్న ఓబుళేశును. ఇప్పుడు కడపలో పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. అంతకు ముందు పదిహేనేళ్ళు అంగళ్ళకు బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఊడింది.

మొన్న పబ్లిషరు పుల్లయ్య గారు ఒక రాతప్రతి నా ముందు పడేసి, "అట్టమీదికి ఈ అత్త బొమ్మ కావాలప్పా, తొందరగా చెయ్" అన్నాడు. మొదటి పేజీలో 'జొన్నల గది, రచన: శివజ్యోతి, పత్తికొండ' అని ఉంది. ఆత్మకూరు నుంచి పత్తికొండకు కోడలుగా పోయిన శివజ్యోతి నువ్వు కాక ఇంకెవరు? నిన్ను చూసి ముప్పై ఏడేళ్ళయింది. దారిలో ఎదురైతే గుర్తుపడతానో లేదో కానీ నీ రాత మాత్రం రెండో పేజీలోనే గుర్తుపట్టాను. వ్యాసరచనలో ఎవరినీ నోరెత్తనిచ్చేదానివి కాదు.

నవల రెండుసార్లు చదివాను. కోడలు పార్వతి డిగ్రీ ఆఖరి పరీక్షలకు హాల్ టికెట్ వస్తే, అత్త నాగలింగమ్మ దాన్ని జొన్నల గదిలో గాదె కింద పెట్టి, పరీక్షలన్నీ అయిపోయాక తీసి ఇస్తుంది. "ఈడనే భద్రంగా పెట్టింటినే, యాడికి పోతాదిలే అనుకుంటి" అని ఆమె అన్న చోట పుస్తకం మూసేసి బయటికి పోయి టీ తాగి వచ్చాను.

పుల్లయ్య గారికి రూపాయంత బొట్టు, ఉరిమే కళ్ళు, నడుముకు తాళాల గుత్తి కావాలట. అది నాకు పావుగంట పని. కానీ అది నాటకాల్లో అత్త, నీ నాగలింగమ్మ కాదు. నవల మొత్తం మీద ఆమె ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. గొంతే పెంచని మనిషిని చూస్తే ఊపిరాడనట్టు ఎట్లా గీయాలి? అందుకే నీకు రాస్తున్నాను. ఆమె కూర్చుంటే ఎట్లా కూర్చుంటుంది? పనిలేనప్పుడు చేతులు ఏం చేస్తాయి? ఇంటికి ఎవరైనా వస్తే ముందు ముఖం చూస్తుందా, చేతిలో సంచి చూస్తుందా? ముక్కు ఎట్లుంటుంది, రంగేమిటి అనేవి నాకు అక్కర్లేదు.

ఫోన్ చేయొద్దు. చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్ళు అన్నది కాక నేను అనుకున్నదే నాకు వినబడుతుంది. పైగా నాకొక పద్ధతి ఉంది. రాసినవాళ్ళ ఉత్తరాలు గోడకు అంటించుకుని, వాటి ముందు కూర్చుని బొమ్మ వేస్తాను. ఓపిక చేసుకుని కాగితం మీద రాయి.

ఓబుళేశు

పత్తికొండ
జూన్ 13

ఏమప్పా ఓబుళేశూ,

బతికే ఉండావా? నీ ఉత్తరం చదివి నాలో నేనే నవ్వుకుంటుంటే మా ఆయన రంగన్న "ఏమైంది నీకు" అని రెండుసార్లు అడిగాడు. ఆయనకు టమోటా మండీ తప్ప వేరే లోకం లేదు. లెక్కల సారు బొమ్మకు చెవులు గాడిదవి పెట్టి, మీసాలు మాత్రం అచ్చం ఆయనవే పెట్టావు. దెబ్బలు ఊరికే పడలేదు నీకు.

అడిగావు కాబట్టి చెప్తాను. నాగలింగమ్మ వాకిలి పక్కనే కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చుంటుంది. వెనక్కి వాలదు. ఎదురుగా పీట వేసుకుని కాళ్ళు చాపుతుంది. ఆ కాళ్ళు సరిగ్గా వాకిలికి అడ్డం వస్తాయి. ఆమె ఎవరినీ ఆపదు. కానీ పెద్దవాళ్ళ కాళ్ళు దాటి పోకూడదు గదా. బయటికి పోవాల్సినవాళ్ళు నిలబడి, "అత్తా, కాళ్ళు కొంచెం" అని అడగాలి. అడిగితే తీస్తుంది. తీసేముందు "యాడికి?" అంటుంది. ఆ ఒక్క మాటకు సగం పనులు మానుకుని లోపలికి పోయేదాన్ని నేను.

తాళాలు నడుముకు ఉండవు, పిడికిట్లో ఉంటాయి. చప్పుడు కానివ్వదు. ఎవరైనా వస్తే మొదట సంచి చూస్తుంది, తర్వాత కాళ్ళు, ఆఖరున ముఖం. ఏది అడిగినా కాదు అని అనదు. "చూద్దాంలే" అంటుంది. కాదంటే ఏడ్చి కొట్లాడొచ్చు. చూద్దాంలే అంటే ఏం చేస్తావు? రోజూ పొద్దున లేచి ఆశ పెట్టుకుంటావు.

ఇదంతా కల్పన అని ముందుమాటలో రాశాను గానీ నీ దగ్గర దాపరికం ఎందుకు. ఆమె మా అత్త వెంకటేశ్వరమ్మ. పోయి పదేళ్ళయింది. ఆ హాల్ టికెట్ నాదే. మూడో ఏడాది పరీక్షలు అట్లనే పోయాయి, మళ్ళీ రాయలేదు. ముప్పై ఏళ్ళు గుండెలో పెట్టుకున్నదంతా ఇప్పుడు కాగితం మీద పెట్టాను.

ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే తీరిక యాడిది? మూడేళ్ళ కిందట మా పరమేష్‌కు పెళ్ళి చేశాం. కోడలు ఆరాధన మంచి పిల్ల. ఐదింటికి లేస్తుంది, నా చేతికి కాఫీ ఇచ్చిన దగ్గర్నుంచి రాత్రి పక్కలు వేసేదాకా అన్నీ ఆమే. నేను టిఫిన్ తిని నోటుబుక్కు పట్టుకుని వరండాలో కూర్చుంటే భోజనానికి పిలిచేదాకా లేచే పని లేదు. ఆ పిల్ల వచ్చాకే నేను రచయిత్రినయ్యాను అంటే అతిశయం కాదు. పుస్తకం ఆమెకే అంకితం ఇవ్వాలనుకుంటున్నాను.

బొమ్మ బాగా రావాలి. చూసినవాళ్ళు మా అత్తను చూసి భయపడాలి.

జ్యోతి

కడప
జూన్ 28

జ్యోతీ,

నీ ఉత్తరం గోడకెక్కింది. 'కాళ్ళు కొంచెం' అన్న చోటు చదివాక నాకు ఇంక వేరే ఆలోచనే రాలేదు. బొమ్మలో ముందు కనబడేది ఆ కాళ్ళే. చూసేవాడు బయట నిలబడి లేడు, ఇంటి లోపల కోడలు నిలబడే చోట నిలబడి ఉన్నాడు. వాకిలి అవతల ఎండ. మధ్యలో పీట మీద చాపిన రెండు కాళ్ళు, మట్టెలు, అరిగిన మడమలు. పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడికి ఆ కాళ్ళు దాటితే తప్ప వెలుతురు దొరకదు. అంతే, భయపెట్టడానికి వేరే ఏమీ అక్కర్లేదు.

నేనెప్పుడూ చేతులు ముందు గీస్తాను, ముఖం ఆఖరున. ముఖం అబద్ధం ఆడుతుంది, చేతులకు అంత తెలివి లేదు. గుత్తి కనబడేలా వేస్తే అది బొమ్మకు తగిలించిన చీటీ అవుతుంది, 'ఈమె గయ్యాళి' అని. పిడికిలి బిగించి, సందులోంచి నల్లదారం ఒక్కటి వేలాడదీశాను. లోపల ఏముందో చూసేవాడే అనుకోవాలి. రెండో చెయ్యి మోకాలి మీద చీర మడత సర్దుతూ ఉంది. చీరకు గోడ రంగే వేశాను, సున్నం పాతబడి పసుపు తిరిగిన రంగు. ఆమె ఎక్కడ అయిపోయి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో తెలియకూడదు. పుల్లయ్య గారు చూసి, "ఎర్ర చీర అయితే అమ్ముడుపోతాది గదప్పా" అని గొణిగాడు. నేను వినబడనట్టే ఊరుకున్నాను. చెవులు పోవడంలో ఇదొక్కటే సుఖం.

ఇక ముఖం దగ్గర ఆగిపోయాను. నాకు ఊహించి ముఖం వేయడం చేతకాదు. ఒక మనిషి కనబడాలి. మీ అత్త ఫోటో పంపు. దండ వేసిన ఫోటో వద్దు. అందులో అందరూ దేవుళ్ళే. ఇంట్లో మామూలుగా కూర్చుని ఉన్నది కావాలి. నా ఫోన్ అద్దం పగిలి చాన్నాళ్ళయింది, కాగితం మీదనే పంపు. జెరాక్స్ అయినా చాలు.

ఇంకో మాట. ఆమె ఎందుకట్లా చేసిందో నవలలో లేదు. హాల్ టికెట్ దాస్తే ఆమెకేం ఒరిగింది? అది తెలియకపోతే నాకు కళ్ళు రావు.

ఓబుళేశు

పత్తికొండ
జూలై 22

ఓబుళేశూ,

జవాబు ఆలస్యమైంది. టమోటా సీజను, ఇంటినిండా మనుషులు, దానికి తోడు నా మోకాళ్ళు. డాక్టరు మెట్లెక్కొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అన్నాడు.

ఎందుకు చేసిందని అడిగావు. ఎందుకు చేసిందో నాకెందుకప్పా? చేసింది. పడింది నేను. ఆమె కడుపులో ఏముందో వెతికి రాయాల్సిన ఖర్మ నాకు పట్టలేదు. కళ్ళు రాకపోతే మూసి ఉన్నట్టు వేయి.

ఇంట్లో కూడా మనశ్శాంతి లేదు. ఆరాధన పెళ్ళికి ముందెప్పుడో టీచరు పరీక్ష రాసిందట. ఇప్పుడు పోస్టింగ్ ఆర్డర్ వచ్చింది. ఆమె పుట్టింటికి పోయి ఉంటే రిజిస్టర్ పోస్టు నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలంట. అవి పెళ్ళప్పటి నుంచి నా బీరువాలోనే ఉన్నాయి, ఆర్డర్ కూడా వాటితోనే పెట్టాను. నేనేం కాదనలేదు. పంటలు అయిపోనీ, మండీ సీజను దాటనీ, చూద్దాంలే అన్నాను. నెలాఖరు దాకా, అంటే ఆగస్టు నెలాఖరు దాకా టైము ఉంటుందిలే. లిస్టు ఫోన్‌లో చూసిందట, ఊరు దగ్గరే అంటుంది ఆ పిల్ల. వీళ్ళకు అన్నీ దగ్గరే. ఏ నల్లమల అంచునో వేసి ఉంటారు. ఈ ఇంట్లో ఏం తక్కువైందని? పరమేష్‌ను అడిగితే "అమ్మను అడుగు" అన్నాడట. నన్ను అడిగితే నేను మాత్రం ఏం చెప్పేది? ఆమె పోతే పొద్దున లేచి ఈ మోకాళ్ళతో పొయ్యి దగ్గర నిలబడాల్సింది నేనే. రెండో నవలకు అప్పుడే నలభై పేజీలు రాశాను. అవి అట్లే ఆగిపోతాయి.

ఇవన్నీ నీకెందుకులే. షోకేసులో ఆల్బం ఉంది. కొత్త ఇంట్లోకి వచ్చినప్పుడు మా అత్త వరండాలో కుర్చీలో కూర్చుని ఉంటే తీసిన ఫోటో అందులో ఉంది. దాన్ని జెరాక్స్ తీయించి, ఈ ఉత్తరంతో కలిపి కవర్లో పెట్టి అంటించి పోస్టు చెయ్యమని ఆరాధనకే చెప్పాను. అత్త వెనక మేము ఆడవాళ్ళం నిలబడి ఉంటాం. నేనెక్కడున్నానో కనుక్కో చూద్దాం.

జ్యోతి

కడప
ఆగస్టు 10

జ్యోతీ,

అయిపోయింది. రంగుల ప్రింటు ఇందులో పెడుతున్నాను, మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టాను, జాగ్రత్తగా విప్పు. ఇరవై రెండేళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను. ఇట్లా కుదరడం మూడోసారో నాలుగోసారో.

ముందు నీ పందెం సంగతి. నిన్ను పట్టేశాను. వెనక వంటింటి తలుపు రెక్క పట్టుకుని, సగం లోపల సగం బయట నిలబడిన సన్నటి పిల్లవి నువ్వు. చేతిలో గరిటె. ఫోటో తీస్తున్నారని తెలిసి కూడా గరిటె కింద పెట్టే తీరిక దొరకలేదు నీకు. జెరాక్స్‌లో ముఖాలు అలికినట్టున్నాయి కానీ ఆ నిలబడడం చూసి వేరే ఎవరనుకుంటాను? 'సగం పనులు మానుకుని లోపలికి పోయేదాన్ని' అని నువ్వు రాసింది అక్కడ కళ్ళకు కట్టింది. పాపం అనిపించింది జ్యోతీ. బడిలో అంత గట్టిగా మాట్లాడే పిల్లను అట్లా చూడాల్సి వచ్చింది.

ఇక కుర్చీలో ఉన్నామె. నువ్వేం రాశావో అక్షరం పొల్లుపోకుండా అదే. నిటారుగా కూర్చోవడం, పీట మీద కాళ్ళు, పిడికిలి. నీ ఉత్తరం పక్కనే ఆ ఫోటో అంటించుకున్నాను. వందమంది ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టినా ఈమెనే చూపించి ఉందును.

ముఖంలో కోపం వేయలేదు. పెదవులు కొంచెం విడివడి ఉంటాయి చూడు, అప్పుడే 'చూద్దాంలే' అనబోతున్నట్టు. కనుబొమలు తేలిక చేశాను. తను తప్పేం చేయడం లేదని ఆమెకు గట్టి నమ్మకం, ఆ నమ్మకమే ముఖానికి నునుపు తెస్తుంది. కళ్ళు మనల్ని చూడవు, లోపలి నుంచి ఎవరో వస్తున్నట్టు పక్కకు చూస్తాయి. ఎందుకు చేసిందని నువ్వు చెప్పలేదు కాబట్టి ఆ ఫోటోనే అడిగాను. ఆమె మోకాలు పట్టుకున్న తీరు చూస్తే నాకొకటి తోచింది. వాకిలికి కాళ్ళు అడ్డం పెట్టిన మనిషి కూడా అక్కడి నుంచి లేవలేదు. ఆమె లేస్తే దారి తెరుచుకుంటుంది, అందరూ పోతారు, ఇంట్లో తానొక్కతే మిగిలిపోతుంది. అందుకని కళ్ళలో కొంచెం జాలి కలిపాను. పుల్లయ్య గారు చూసి, "ఏమప్పా, ఈమెను యాడనో చూసినట్టుండాదే" అన్నాడు. ఎర్ర చీర మాట మళ్ళీ ఎత్తలేదు.

చూసి వెంటనే రాయి. నెలాఖరుకు అచ్చుకు ఇవ్వాలంట.

ఓబుళేశు

పత్తికొండ
ఆగస్టు 14

ఓబుళేశు గారికి,

బొమ్మ అందింది. ఆ కుర్చీలో ఉన్నది మా అత్త కాదు. నేను.

ఫోటో మారింది. మీకు వచ్చింది మా పరమేష్ పెళ్ళయిన ఏడాది ఉగాదికి ఇదే వరండాలో తీసింది. నేను పీట మీద కాళ్ళు చాపుకున్నది మోకాళ్ళ నొప్పికి. పిడికిట్లో ఉన్నవి బీరువా తాళాలు. ఇంటి పెద్ద దగ్గర తాళాలు ఉండకుండా ఎవరి దగ్గర ఉంటాయి? ఇట్లాంటివి చూసి ఒక మనిషిని అంచనా కట్టడం మీ వృత్తిలో గొప్ప కావచ్చు. చిన్నప్పటి నుంచి ఎరిగినదాన్ని ఎదురుగా పెట్టుకుని కూడా గుర్తుపట్టలేదు, పైగా నా అత్తను చేసి కూర్చోబెట్టారు.

ఇది అచ్చయితే పత్తికొండలో నేను తలెత్తుకుని తిరగాలా వద్దా? ముఖం మార్చండి. లేదంటే నేను పుల్లయ్య గారికి రాసి బొమ్మే వద్దంటాను.

శివజ్యోతి

కడప
ఆగస్టు 18

జ్యోతీ,

తప్పు నాదే. క్షమించు. ఫోటోలో నిన్ను వెతకమంటే నా మనసులో ఉన్న పదో తరగతి పిల్లను వెతికాను. ముప్పై ఏడేళ్ళు నీకు కూడా గడిచి ఉంటాయన్న ఇంగితం లేకపోయింది.

ముఖం మారుస్తాను. మీ అత్త ఫోటో పంపు, రెండు రోజుల పని. పుల్లయ్య గారికి నేను చెప్పుకుంటాను. కూర్చునే తీరు, కాళ్ళు, చేతులు మాత్రం మార్చలేను. అవి ఫోటోలోంచి తీసినవి కావు. జూన్‌లో నువ్వు రాసి పంపినవే. ఫోటో రాకముందే గీసి పెట్టాను.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నీ ఉత్తరాలు గోడ మీద వరసగా ఉన్నాయి. నాగలింగమ్మ ఏది అడిగినా ఏమంటుందో జూన్ ఉత్తరంలో రాశావు. ఆర్డర్ సంగతి వచ్చినప్పుడు నువ్వేమన్నావో జూలై ఉత్తరంలో రాశావు. రెండు చోట్లా ఉన్నది ఒకటే మాట. పెన్సిలుతో రెండింటి కిందా గీత గీశాను. బొమ్మలు వేసేవాణ్ణి, నాకు అంతకంటే ఏమీ తెలియదు.

గరిటె పట్టుకుని తలుపు దగ్గర నిలబడిన పిల్ల ఆరాధనేనా? ఉద్యోగంలో చేరిందా?

ఓబుళేశు

పత్తికొండ
ఆగస్టు 25

ఓబుళేశూ,

ఆ పిల్ల ఆరాధనే. చేరలేదు.

నీ ఉత్తరం ఇరవై ఒకటో తేదీ మధ్యాహ్నం వచ్చింది. చదివి, పోయి బీరువా తీశాను. ఆ ఆర్డర్ నేను అంతవరకు చదవనే లేదు. సంతకం పెట్టి తీసుకున్న కవరు తీసుకున్నట్టే లోపల పెట్టాను. ఆ రోజు మొదటిసారి విప్పి చూశాను. కోడుమూరు మండలంలో ఊరు. ఇక్కడి నుంచి బస్సులో గంట. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. దగ్గరే అని ఆ పిల్ల అన్నది నిజమే. చేరడానికి ఆఖరు తేదీ ఆగస్టు 20. నెలాఖరు అని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే అనుకున్నాను.

నీ బొమ్మ వచ్చిన రోజుకు ఇంకా ఆరు రోజుల గడువు ఉండింది. ఆ ఆరు రోజులూ నేను నీ మీద కోపంతో ఉన్నాను.

సర్టిఫికెట్లు పట్టుకుని వంటింట్లోకి పోయాను. "నిన్ననే అయిపాయ గదత్తా" అంది ఆరాధన. ఏడవలేదు. రొట్టె పిండి కలుపుతూ ఉంది, కలుపుతూనే చెప్పింది. "మరి ఇంకోసారి అడగకూడదా" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది, ఏం చెయ్యను. "మూడుసార్లు అడిగినా. నాలుగోసారి అడిగేకి మీ కాళ్ళకాడికి వచ్చి నిలబడితి. యాడికి అన్నారు. యాడికీ లేదని లోపలికి మళ్ళితి" అంది.

మరుసటి రోజు ఇద్దరం కర్నూలు పోయాం. మోకాళ్ళు ఎట్లయితే అట్ల కానీ అని నేనే బయల్దేరాను. ఆఫీసులో బల్ల అవతల కూర్చున్నాయన కాగితాలన్నీ తిప్పి చూసి, "తేదీ దాటిపోయింది గదమ్మా, రెండు రోజుల ముందు వచ్చింటే సంతకం పెట్టి పోయేవాళ్ళు. అర్జీ ఇచ్చి పోండి, చూద్దాంలే" అన్నాడు. అర్జీ ఆరాధన రాసింది. ఆలస్యానికి కారణం అన్న చోట కలం ఆపి నా వైపు చూసింది. 'మా అత్త సర్టిఫికెట్లు ఇవ్వలేదు' అని రాయమన్నాను. ఆమె రాయలేదు. 'కుటుంబ కారణాలు' అని రాసింది. అర్జీకి ఇంతవరకు జవాబు లేదు. వస్తుందని నాకు నమ్మకం కూడా లేదు. మళ్ళీ పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు.

వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఆ ఫోటో ఎట్లా మారిందని. కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. "మారలేదత్తా. తెలిసే పెట్టినా. కవరు అంటించక ముందు మీ ఉత్తరం చదివినా. నా ఉద్యోగం సంగతి ఆయనకెవరికో రాసినారు గదా, మీ మోకాళ్ళ గురించి, మీ నలభై పేజీల గురించి. నేను చెప్తే మీరు వినరు. బొమ్మ వేసేటాయన చెప్తే వింటారేమో అనుకుంటి." కాసేపటికి, "తప్పయింది నాది" అన్నాను. బస్సు చప్పుడులో వినబడిందో లేదో. వినబడే ఉంటుంది. ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. ఆ పిల్ల ఊరుకోవడం నాకు ఇప్పుడు భయంగా ఉంది. నేను కూడా మా అత్త దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా అట్లనే ఊరుకున్నాను. ఊరుకున్నప్పుడు లోపల ఏం నడుస్తుందో నాకు తెలుసు. నవలంతా రాసింది అదే గదా.

ఇంట్లో రోజులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఐదింటికి కాఫీ వస్తుంది. వద్దు, నేనే పెట్టుకుంటానంటే, "కూర్చోండత్తా" అంటుంది. సర్టిఫికెట్లు ఆమె పెట్టెలో పెట్టించాను. రెండో నవల ముట్టుకోలేదు. వరండాలో కూర్చోబుద్ధి కాదు, లోపల కూర్చుంటే ఆమె పని చేసే చప్పుడు వినాల్సి వస్తుంది. ఈ ఇంట్లో నాకు ఇప్పుడు కూర్చోవడానికి చోటు లేదు ఓబుళేశూ.

నిన్న నీ బొమ్మ ఆమె చేతికే ఇచ్చాను. అంతవరకు చూపించలేదు. గోడకు ఆనించి పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు చూసింది. ఎట్లుందని అడిగాను. "అంతా సరిగ్గా ఉండాదత్తా, చేతులు, కాళ్ళు, అంతా" అంది. మళ్ళీ కాసేపు చూసి, "కండ్లు కుదరలేదు. కండ్లలో జాలి పెట్టినాడాయన. మీరు నన్ను చూసేటప్పుడు అది ఉండదు" అంది. తప్పు పట్టినట్టు కాదు, కూరలో ఉప్పు చాల్లేదని చెప్పినట్టు చెప్పి పోయింది.

మా అత్త ఫోటో పంపడం లేదు. ముఖం మార్చొద్దు. కళ్ళు దిద్దు. ఎట్లా దిద్దాలో నన్ను అడగొద్దు, నా కళ్ళు ఆమెను ఎట్లా చూస్తాయో నేనెప్పుడూ చూడలేదు. రోజూ చూసింది ఆమే. ఆరాధనకు రాయి. దిద్దిన బొమ్మ కూడా ఆమె పేరు మీదే పంపు. ఆమె సరే అన్నాకే అచ్చుకు ఇవ్వమని పుల్లయ్య గారికి చెప్పు.

జ్యోతి